ఒక్కసారే పాడతానన్న జోగమ్మ

జోగమ్మ గొంతు ఎలాంటిదని అగనంపూడిలో ఎవర్నడిగినా ముందు ఆవిడ నోటి సంగతి చెబుతారు, గొంతు సంగతి తర్వాత. కుళాయి దగ్గర వరస తప్పించి బిందె పెట్టినవాళ్ళు నీళ్ళయితే పట్టుకున్నారు గానీ, ఆవిడ తిట్లు విన్నాక ఆ నీళ్ళు గొంతు దిగితే ఒట్టు. నోరు మంచిదైతే ఊరు మంచిది అంటారు. ఆ మాట ఆవిడకి ఎవరూ చెప్పలేదో, చెప్పడానికి గుండె చాల్లేదో మనకి తెలీదు.

అదే నోటితో పాడితే మాత్రం, అబ్బో! పుట్టింది ఆనందపురానికి అవతల, నాలుగు చెక్కల వరిపొలం ఉన్న ఇంట్లో. ఊడ్పుల్లో ఆడవాళ్ళు రెండు వరసలుగా నిలబడితే, ముందు పాట ఎత్తేది జోగమ్మ, అందుకునేది మిగతా వాళ్ళు. ఆవిడ ఎత్తిన పాటకి నడుం నొప్పి తెలిసేది కాదని ముసలమ్మలు ఇప్పటికీ అంటారు. పక్క ఊరి వరహాలుకి ఇచ్చి చేశారు. ఆ పొలాలూ ఈ పొలాలూ ప్లాట్లయ్యాయి. మొగుడూ పెళ్ళాం పిల్లని చంకనేసుకుని పట్నం వచ్చిపడ్డారు. అతను కాంట్రాక్టు కూలీగా ఈ కంపెనీలోనూ ఆ కంపెనీలోనూ, ఆవిడ ఉక్కునగరంలో ఒక హాలు తుడిచే పనిలోనూ కుదురుకున్నారు. ఒక్కతే కూతురు, శ్రీసత్య. మద్దిలపాలెం దగ్గర నర్సు చదువు చదువుతోంది.

ఇక వరహాలు పోయిన సంగతి. ఇది చెప్పకపోతే తర్వాతది ఏదీ అర్థం కాదు, చెప్పాలంటే నాకే నోరు పెగలదు.

ఆ రోజు పొద్దున్నే వరహాలు రాత్రి డ్యూటీ దిగి ఇంటికొచ్చాడు. "ఇయాల ఎవులు పిలిసినా నాను ఊళ్ళో లేనని సెప్పు" అని చొక్కా అయినా విప్పకుండా పడుకున్నాడు. శ్రీసత్య అప్పటికే కాలేజీకి వెళ్ళిపోయింది. కాసేపటికి ఫోను మోగింది. చేసింది ఎల్లారావు, వరహాలుకి స్వయానా తమ్ముడు. కాంట్రాక్టరుకి మనుషుల్ని పోగేసి పెట్టే చిన్నపాటి మేస్త్రీ.

"వదినా, ట్యాంకు కడిగే పనుంది. అన్నయ్య వొత్తాడేటో అడుగు. రేత్రి డూటీ సేసినోడు గదా, ఒల్లకపోతే బలవంతం ఒద్దు. ఇంకోణ్ణి సూసుకుంటాను."

అంత మర్యాదగా అడిగాడు మరిది. జోగమ్మ మొగుణ్ణి లేపి అడగనైనా లేదు.

"వొత్తాడు వొత్తాడు. రాకేటి సేత్తాడు!"

ఎందుకలా అందంటే, ఈ పనులకి గేటు పాసు అనేదొకటి ఉంటుంది. పిలిచినప్పుడు వెళ్ళనివాడి పాసు ఇంకొకడికి పోతుంది. అంతకుముందు ఓసారి అలా పోయి, ఇంట్లో పొయ్యి వెలగని రోజులు చూసింది. ఆ భయం ఆవిడది. భయాన్ని భయంలా చెప్పడం రాదు, దేవుడిచ్చిన నోరు అలాంటిది. మొగుణ్ణి జబ్బ పట్టుకుని లేపింది.

"ఒళ్ళు తూలిపోతందే" అన్నాడు వరహాలు.

"తూలితే గోడట్టుకు నడు. పెళ్ళాం ఊరోల హాలు తుడుత్తా ఉండాల, తవరు మంచమెక్కి తొంగోవాల! మొగోడివేనా నువ్వు?"

వరహాలు లేచి మొహం కడుక్కున్నాడు. చద్దన్నం రెండు ముద్దలు తిని వెళ్ళిపోయాడు. ఊరి బయట ఏదో ప్రైవేటు కంపెనీ. ట్యాంకు మూత తీసిన వెంటనే లోపలికి దిగకూడదని, లోపల విషపు గాలి లేదని చూశాకే దిగాలని అతనికి తెలుసు. పది మందికి చెప్పినవాడే. నిద్రకళ్ళ మీద ఉన్న మనిషి, గబగబా ముగించి పోయి పడుకుందామనుకున్నాడేమో, గాలి చూడకుండానే దిగాడు. పైనున్నవాళ్ళు కేకేశారు. పలకలేదు. తాడు లాగారు. తాడొక్కటే వచ్చింది.

శవాన్ని ఇంటికి తెచ్చేసరికి శ్రీసత్య కాలేజీ నుంచి పరిగెత్తుకొచ్చింది. తండ్రి మీద పడి ఏడ్చి ఏడ్చి, తలెత్తి అడిగింది. "రేత్రి డూటీ సేసినోణ్ణి మళ్ళీ ఎవులు పంపినారు?"

చెప్పాల్సింది జోగమ్మ. ఊరందర్నీ కడిగిపారేసిన నోరు ఆ పూట తెరుచుకోలేదు. ఎవరో పక్కింటావిడ, "మీ సిన్నాన్న పిలిసినాడంటమ్మా" అంది. అంతే! ఆ పిల్ల లేచి, వాకిట్లో నిలబడ్డ ఎల్లారావు దగ్గరికి పోయి, గుప్పెడు మన్ను తీసి మొహాన కొట్టింది. "మా నాన్నని నువ్వే సంపినావు. నీ మొకం నాకు సూపించకు" అంది.

ఎల్లారావు ఒక్కసారి వదిన వంక చూశాడు. జోగమ్మ తల దించుకుంది. అన్నని బలవంతాన లేపి పంపింది వదినేనని అతనికి అర్థమైపోయింది. మొహం మీది మన్ను తుడుచుకుని, "పోన్లే తల్లీ" అని పక్కకి తప్పుకున్నాడు.

పాడె కట్టిన రోజున చెప్పని నిజం మరి ఏ రోజున చెబుతారు? మైల తీరాక అనుకుంది. సంవత్సరీకం వెళ్ళాక అనుకుంది. పిల్ల పరీక్షలయ్యాక అనుకుంది. ఇవాళ కాదు రేపు అనుకుంటూ దాన్ని పేగుల్లో పెట్టుకు తిరిగింది. చెబితే కూతురు తనని మనిషిగా చూడదని భయం. ఆ పిల్ల తప్ప ఆవిడకి ఇంకెవరున్నారు గనక!

అవతల ఎల్లారావు మేస్త్రీ పని వదిలేశాడు. తాగుడికి దిగాడు. పెళ్ళాం పుష్పని తీసుకుని ఆనందపురం పక్క సొంతూరు వెళ్ళిపోయాడు. కడుపు ఉబ్బి మంచాన పడ్డాక, "అన్నయ్య గుంటని ఓపాలి సూడాలనుంది" అని కబురు పంపాడు. "సచ్చినా రాను" అంది శ్రీసత్య. ఆ మర్నాడు జోగమ్మ ఒక్కతే కూతురికి చెప్పకుండా మద్దిలపాలెం దాకా వెళ్ళింది. ఆనందపురం బస్సు వచ్చింది, ఎక్కలేదు. ఇంకోటి వచ్చింది, అదీ ఎక్కలేదు. ఇంటికొచ్చేసింది. కిందటి ఆషాఢంలో అతను పోయాడు. సొంత అన్న పెళ్ళాం, అన్న కూతురు చివరి చూపుకైనా రాలేదని ఊళ్ళో దుమ్మెత్తిపోశారు. ఎందుకు పొయ్యరు మరి?

ఇదీ జోగమ్మ మోస్తున్న బరువు. తను తుడిచే ఉక్కునగరం హాల్లోకి పాటలవాళ్ళు వచ్చేనాటికి ఆవిడ పరిస్థితి అది.

పాటలవాళ్ళ పెద్ద నాగవంశీ. తండ్రి కృష్ణా జిల్లా నుంచి స్టీలు ప్లాంటు ఉద్యోగానికి వచ్చి ఇక్కడే రిటైరయ్యాడు. కుర్రాడు మద్దిలపాలెంలో ఏదో ఆఫీసులో పనిచేస్తూ, సెలవు దొరికితే పాటలు కట్టుకుంటాడు. వాడు తలపెట్టిన స్టేజీ ఆటకి కథ లేదు. రాజు లేడు, రాణి లేదు, విలను లేడు. అన్నీ పాటలే, అన్నీ గుమ్మం దగ్గరే. అత్తారింటి గుమ్మంలో కొత్తకోడలు ఒక పాట. రిటైరై క్వార్టరు ఖాళీ చేసి గుమ్మం దిగే ఉద్యోగి ఒక పాట. గేటు పాసు లేక ఫ్యాక్టరీ గుమ్మం ముందు పడిగాపులు పడే కూలీ ఒక పాట. ఒక పాట మనిషి ఇంకో పాటలోకి రాడు. పాడేది నలుగురంటే నలుగురు, వాయించేది ఒక హార్మోనియం, ఒక డప్పు.

హార్మోనియం శ్రీరామ్మూర్తి మేస్టారిది. గోదావరి జిల్లా మనిషి. ఉద్యోగం చేసింది రోలింగ్ మిల్లులో, బతికింది పద్యనాటకాల్లో. ఉక్కునగరంలో ఏ నాటక పరిషత్తు జరిగినా స్టేజీ పక్కన ఆయన హార్మోనియం పెట్టె ఉండాల్సిందే. మొదటిరోజే వంశీని పట్టుకుని వాయించేశాడు.

"కథ లేని నాటకం ఏవిటయ్యా నాయనా? ఉప్పు లేని పప్పూ అదీ ఒకటే. జనం లేచిపోతారు సుమా."

"గుమ్మమే కథ మేస్టారూ" అన్నాడు వంశీ.

"ఓహో! అయితే తలుపు కూడా పెట్టించు, లేచిపోయేవాళ్ళకి వీలుగా ఉంటుంది."

డప్పు సూరన్న పగలబడి నవ్వాడు. సూరన్న పగలు కాంట్రాక్టు కూలీ, సాయంత్రం డప్పూ గొంతూ రెండూ. ధనశ్రీ అని డిగ్రీ చదివే పిల్ల ఒకతె. వంశీ ఒకడు. నాలుగో మనిషి దొరక్క వెతుకుతుంటే, స్టేజీ తుడుస్తున్న జోగమ్మ తనకి తెలియకుండానే సూరన్న పాటని కింద నుంచి అందుకుంది. అందరూ ఆగిపోయి చూశారు. ఆవిడ సిగ్గుపడిపోయి చీపురు పట్టుకుని బయటికి పోయింది.

వంశీ ఎన్ని విధాల బతిమాలినా, "సాల్లే బాబూ, స్టేజీ తుడుసుకునేదాన్ని స్టేజీ ఎక్కితే కాళ్ళిరగ్గొడతారు" అని తప్పించుకుంది. తప్పించుకున్నాననే అనుకుంది. ఓ సాయంత్రం తల్లికి టిఫిన్ తెచ్చిన శ్రీసత్య ఆ పాటలు విని, అక్కడే చతికిలబడి, తండ్రి కథంతా వంశీకి చెప్పేసింది. తనకి తెలిసిన కథ. వంశీ కళ్ళు తుడుచుకుని వెళ్ళి పాట కట్టుకొచ్చాడు. డ్యూటీకి పోయిన మొగుడు రాని గుమ్మంలో పెళ్ళాం పాడే పాట అది.

"పొద్దు పొడవకముందె పిలిచినాడమ్మా
పిలిచినోడి నోట మన్ను పడనమ్మా
నిద్దరున్నవాణ్ణి లేపినాడమ్మా
లేపినోడి కొంప కూలిపోనమ్మా"

వంశీ చదువుతూంటే జోగమ్మ చేతిలో బకెట్టు నేలకి దిగింది. చచ్చిపోయిన మరిదిని, ఏ పాపం ఎరగనివాణ్ణి, స్టేజీ ఎక్కి శాపనార్థాలు పెట్టాలి. పైగా లేపినదెవరు? తనే. శాపం పెట్టేదీ తనే, తగిలేదీ తనకే.

"నాను పాడను" అంది.

శ్రీసత్య తల్లి చెయ్యి పట్టుకుంది. "నాన్న సచ్చిపోతే ఒక్కలైనా ఇదేటని అడిగినారేటమ్మా? ఎవులికీ పట్టలేదు. నువ్వు పాడితే ఈ హాలంతా ఇంటాది. నాన్న కోసం పాడవేటి?"

ముందు నుయ్యి, వెనక గొయ్యి. కాదంటే ఎందుకు కాదో చెప్పాలి. జోగమ్మ ఒప్పుకుంది.

రిహార్సల్లో ఆ రెండు శాపం ముక్కలూ మింగేసేది. "అక్కడ పలకడం లేదమ్మా, గట్టిగా అనండి" అనేవాడు వంశీ. ఓ రోజు ఉండబట్టలేక అడిగింది. "సచ్చినోణ్ణి తిట్టకూడదు బాబూ. ఆ రెండు ముక్కలు తీసీ, నీకు పున్నెముంటది."

"తీయొద్దన్నా" అంది కింద కూర్చున్న శ్రీసత్య. "ఆ ముక్కల కోసమే నాను అమ్మని ఈ పాట పాడమన్నాను."

జోగమ్మ కూతురి మొహం చూసింది. కన్నబిడ్డ మొహంలో అంత విషం, పోసింది తనే. అప్పుడు ఒక షరతు పెట్టింది. "ఒక్కసారే పాడతాను. ఈ హాల్లో, ఆ ఒక్క సాయంత్రం. రెండోపాలి నన్నడగొద్దు. రిహార్సల్లు కూడా ఇంక సాలు." వంశీ సరేనన్నాడు.

మేస్టారు పెట్టె మూస్తూ అడిగాడు. "ఒక్కసారే ఏమిటి జోగమ్మా? గొంతేమైనా అరిగిపోతుందా?"

"గొంతుకేటి కాదు మేస్టారూ. నిండు బిందె ఓపాలి ఎత్తగలను. దించి మళ్ళీ ఎత్తమంటే నా నడుం ఇరిగిపోద్ది. ఒక్కసారే."

"అలాగేనమ్మా. నా మాటగా ఉంచుకో" అన్నాడు ఆయన. ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాడు, అందులో అబద్ధం లేదు.

కానీ మేస్టారి గురించి ఒక ముక్క చెప్పాలి. పద్యనాటకం చూసిన వాళ్ళకి కొత్తగా చెప్పనక్కర్లేదు. పద్యం రక్తి కట్టిందంటే జనంలోంచి "వన్స్ మోర్" అని కేక లేస్తుంది. లేచిందా, ఇక కథ ఆగాల్సిందే. కత్తి దిగి చచ్చిపడిన రాజైనా సరే, లేచి కిరీటం సర్దుకుని, ఆ పద్యమే మళ్ళీ పాడి, మళ్ళీ చావాలి. నవ్వకండి, అది వెక్కిరింత కాదు, నటుడికి జనం పెట్టే దణ్ణం. ఆ కేక వినపడగానే శ్రుతి నిలిపి, ఎత్తుగడ అందించి నటుణ్ణి లేపేది హార్మోనిస్టు. నలభై యేళ్ళకి పైగా శ్రీరామ్మూర్తి మేస్టారు చేసింది అదే పని. రోలింగ్ మిల్లులో ఉద్యోగం కూడా ఆయన ఇంత శ్రద్ధగా చెయ్యలేదు.

ఆట రోజు వచ్చింది. హాలు నిండింది. నిండింది ఎవరితో? ఎక్కువమంది రిటైరైన ఉద్యోగులే. గోదావరి, కృష్ణా జిల్లాల నుంచి ఆనాడు ఉద్యోగాలకొచ్చి, ఇక్కడే తల నెరిసిన వాళ్ళు. చిన్నప్పుడు చాపలు పట్టుకెళ్ళి తెల్లవార్లూ పద్యాలు విన్న తరం. శ్రీసత్య ముందు వరసల్లోనే ఫోను పట్టుకుని కూర్చుంది, తల్లి పాట రికార్డు చెయ్యడానికి.

పాటలు ఒకటొకటే నడిచాయి. క్వార్టరు ఖాళీ చేసే పాటకి ముసలాళ్ళు ముక్కులు చీదారు. సూరన్న గేటు పాసు పాటకి వెనకనున్న కూలీలు ఈలలేశారు. మేస్టారికి ఆశ్చర్యం. కథ లేకపోయినా ఒక్కడు లేచిపోలేదు.

అప్పుడు జోగమ్మ వచ్చి నిలబడింది. మేకప్పు లేదు, రోజూ కట్టే నేతచీరే. హార్మోనియం ఎత్తుకుంది. ఆవిడ గొంతెత్తింది. జోరు వానలో ఊడ్పుల చేలో ఎలా పాడేదో అలాగే పాడింది. శాపం ముక్కలు వచ్చాయి. "పిలిచినోడి నోట మన్ను పడనమ్మా." పలికేసింది. "లేపినోడి కొంప కూలిపోనమ్మా." అదీ పలికేసింది. కూలితే కూలనీ, ఇంకెంతసేపు, అయిపోయింది, అనుకుంది. చివరి చరణం దాటింది. గట్టెక్కాననుకుంది. పాపం, నిజంగానే గట్టెక్కింది ఆవిడ. అక్కడితో వదిలేసి ఉంటే!

పాట ఆగగానే నడిమి వరసలోంచి ఒక పెద్దాయన, కళ్ళజోడు చేత పట్టుకుని, బొంగురుపోయిన గొంతుతో అన్నాడు. "వన్స్ మోర్."

ఇంకొకరందుకున్నారు. ఆ వెనక నలుగురు. "వన్స్ మోర్! వన్స్ మోర్!" హాలు హోరెత్తిపోయింది. ఒక్కరికీ చెడ్డ బుద్ధి లేదు. పెట్టడానికి వాళ్ళ దగ్గరున్న పెద్ద దణ్ణం అదే, పెట్టారు.

మేస్టారు కళ్ళు మూసుకుని ఉన్నాడు. చెంపల మీద నీళ్ళు. ఇచ్చిన మాట బుర్రలో ఎక్కడుందో గానీ, వేళ్ళకి మాత్రం తెలీదు. శ్రుతి నిలిచింది, ఎత్తుగడ మోగింది. పెట్టె మోగాక సూరన్న డప్పు ఆగుతుందా, అదీ అందుకుంది. తెర పక్క నుంచి వంశీ వద్దు వద్దని చేతులు ఊపుతున్నాడు. చూసేవాళ్ళెవరు?

జోగమ్మ అటూ ఇటూ చూసింది. స్టేజీ దిగి పోవచ్చు. ఎవరూ పట్టుకుని ఆపలేదు. కానీ ఎత్తిన పాటని నేల పాలు చెయ్యడం ఆవిడ పుట్టాక ఎరగదు. చేలో ఒకరు ఎత్తితే ఇంకొకరు అందుకోవాలి, అంతే. నోరు దానంతటదే తెరుచుకుంది.

"పొద్దు పొడవకముందె పిలిచినాడమ్మా..."

ఆగిపోయింది. శాపం ముక్క రావాలి, రాలేదు. మన్ను తుడుచుకుంటూ "పోన్లే తల్లీ" అన్న ఎల్లారావు కళ్ళ ముందు నిలబడ్డాడు. హార్మోనియం తిరిగి తిరిగి అక్కడికే వచ్చి ఆవిడ కోసం ఆగుతోంది. రెండోపాలి బిందె ఎత్తలేకపోయింది జోగమ్మ. ఒలికిపోయింది.

"పిలిచినోడిది తప్పు లేదమ్మా
ఒల్లకుంటే ఒద్దన్న మారాజమ్మా
నిద్దరున్నవాణ్ణి లేపింది నానమ్మా
మొగోడివేనా అంటి, పాపిష్టి నోరమ్మా
మన్ను తిన్న మరిది మాటాడలేదమ్మా
కూతురడిగినా నాను చెప్పలేదమ్మా
లేపినదాని కొంప కూలిపోనమ్మా"

హాలు హాలంతా ఏడ్చింది. ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఎంత గొప్పగా రాశాడయ్యా కుర్రాడు అనుకున్నారు. నిజమని తెలిసిన మనిషి అంతమందిలో ఒక్కతే. ఆ పిల్ల ఫోను ఒళ్ళో పెట్టుకుని, చప్పట్ల మధ్య కదలకుండా కూర్చుంది.

తెర పడగానే వంశీ పరిగెత్తుకొచ్చాడు. "అమ్మా! ఆ రెండోసారి పాడింది అప్పటికప్పుడు కట్టారా? నా పాట దాని ముందు దండగ. మద్దిలపాలెంలో ఆటకి పిలిచారమ్మా, అక్కడ ఇలాగే పాడేద్దాం. ఇదే ఉంచేద్దాం."

జోగమ్మ వాడి వంక పిచ్చిదానిలా చూసింది. మేస్టారికి అప్పుడు తెలివొచ్చింది. పెట్టె మీంచి చేతులు తీసి, చేతుల వంక చూసుకున్నాడు. "ఒక్కసారే అన్నావు కదమ్మా... నేను... నా తల్లీ, ఎంత పని చేశాను!" ఆయనకి ఏం జరిగిందో పూర్తిగా తెలీదు. ఆవిడ మొహం చూస్తే ఏదో కొంప మునిగిందని మాత్రం తెలిసింది.

"మీరేటి సేసినారు మేస్టారూ. సేసినదాన్ని నాను" అంది జోగమ్మ.

శ్రీసత్య తల్లికంటే పది అడుగులు ముందు నడిచి ఇంటికి చేరింది. తిడుతుందేమో, గిన్నెలు విసిరేస్తుందేమో అనుకుంది జోగమ్మ. అలా అయినా బాగుండేది. శ్రీసత్య గోడవైపు తిరిగి పడుకుంది. తెల్లారాక తయారై చెప్పులేసుకుంది.

"లెగు. సిన్నాన్నోలింటికి ఎల్దాం."

"అమ్మా సత్యా..."

"నన్ను అలా పిలవకు. లెగు."

మద్దిలపాలెంలో బస్సు మారారు. ఈసారి ఎక్కక తప్పలేదు. శ్రీసత్య ముందు సీట్లో కూర్చుంది, తల్లి పక్కన ఖాళీ ఉన్నా రాలేదు. జోగమ్మ దారి పొడుగునా కూతురి జడ చూస్తూనే ఉంది.

పుష్ప పెరట్లో బంతిపూలు బుట్టలకెత్తుతోంది, ఆనందపురం మార్కెట్టుకి. వీళ్ళని చూసి లేవలేదు. మొగుడు పోయాక మనిషి సగమైపోయింది.

"పిన్నీ" అంది శ్రీసత్య. "మా యమ్మ ఓ పాట పాడుద్ది. ఇను."

జోగమ్మ కూతురి వంక దీనంగా చూసింది. "మాటల్తో సెప్తానే. ఇక్కడ పాటేటి?"

"పాడు. ముక్కూ మొకం తెలీనోలంతా ఇని సప్పట్లు కొట్టినారు. పిన్ని ఇనొద్దా?"

హార్మోనియం లేదు, డప్పు లేదు. జోగమ్మ పాడింది. పాడటం ఏమిటిలెండి, గొంతు సగం ముక్కలకి పలికింది, సగం ముక్కలకి పలకలేదు. పిలిచినోడిది తప్పు లేదంది. లేపింది తనేనంది. అంటూ అంటూ నేల మీద కూలబడింది. పుష్ప చేతులు ఆగలేదు. పూలు ఏరి బుట్టలో వేస్తూనే ఉంది. పాట అయిపోయాక కూడా కాసేపు ఏరింది.

"నాకు తెలుసక్కా" అంది చివరికి. "ఆ రోజే ఇంటికొచ్చి మీ మరిది సెప్పినాడు. ఎవులికీ సెప్పకని నాసేత ఒట్టేయించుకున్నాడు. 'కూతురు కూడా ఒదిలేత్తే వదిన ఎలా బతుకుద్ది, నన్ను తిట్టుకుంటే తిట్టుకోనీ' అన్నాడు. సివరికొచ్చేక మాత్రం ఓర్సుకోలేకపోయినాడు. 'గుంట ఒచ్చిందేటి, వదిన సెప్పిందేటి' అని అదే అడిగీవోడు. అడుగుతానే పోయినాడు."

శ్రీసత్య పిన్ని కాళ్ళ మీద పడి గొల్లుమంది. మన్ను విసిరిన ఆ చేతిని నేలకేసి కొట్టుకుంది. పుష్ప ఆ చెయ్యి పట్టుకుని ఆపి, తల నిమిరింది. పిల్ల ఏడుపు నెమ్మదించేదాకా అలాగే ఉంది. తర్వాత లేచి, తలమీద చుట్టకుదురు పెట్టుకుంది.

"ఆయన బతికుండగా ఓపాలి పాడీసుంటే సాలిపోను అక్కా" అంది.

బుట్ట ఎత్తుకుని పుష్ప మార్కెట్టుకి బయల్దేరింది. శ్రీసత్య కళ్ళు తుడుచుకుని, రెండో బుట్ట తన నెత్తినెత్తుకుని, తల్లి వంక తిరిగి చూడకుండా పిన్ని వెనకాలే వెళ్ళింది.